అంగుళం అంగుళం లెక్కగట్టిన కుర్చీ

విమానంలో నడవ పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కసారి తల వంచి సీటు కాళ్ల దగ్గర చూస్తే, ముక్కు నుంచి తోక దాకా నేల పొడవునా సాగిపోయే సన్నని లోహపు పట్టాలు కనబడతాయి. పట్టా మీద వరసగా గుండ్రని గుంటలు, గుంటకూ గుంటకూ మధ్య సరిగ్గా ఒక అంగుళం దూరం. సీటు కాలి అడుగున ఉండే గుబ్బలను ఆ గుంటల్లో దించి, అర అంగుళం జరిపి బిగిస్తారు. ఇక ఆ సీటు కదలదు. విమానాన్ని మరో కంపెనీ కొనుక్కుంటే బిగింపు వదులు చేసి, నాలుగు గుంటలు ముందుకో వెనక్కో జరిపి మళ్లీ బిగిస్తారు. మన మోకాళ్ల సుఖదుఃఖాలన్నీ ఆ గుంటల లెక్కలోనే ఉన్నాయి.

ఒక సీటు మీది ఒక బిందువు నుంచి ముందు సీటు మీది అదే బిందువు వరకూ ఉన్న దూరాన్ని సీటు పిచ్ అంటారు. చెన్నై నుంచి హైదరాబాదుకో విశాఖకో తక్కువ చార్జీలతో ఎగిరే విమానాల్లో ఇది సాధారణంగా 28 నుంచి 30 అంగుళాలు. ముప్పై వరసలున్న విమానంలో వరసకు ఒక్క అంగుళం కోస్తే ముప్పై అంగుళాలు మిగులుతాయి. అంటే మరో వరస, మరో ఆరు టిక్కెట్లు. ఎయిర్‌బస్ ఏ320లో 180 సీట్లు 186 కావడం వెనక ఇలాంటి లెక్కలే ఉన్నాయి. అయితే అక్కడ కోత అంతా మోకాళ్ల మీద పడలేదు. వెనక భాగంలో వంటగదినీ టాయిలెట్లనూ ఒకదానిలో ఒకటి ఒదిగేలా కొత్తగా అమర్చి స్థలం సంపాదించారు. ఈ పొదుపును తిట్టుకోవడం తేలిక. దాని లోపల ఉన్న పనితనాన్ని చూడటానికి మాత్రం కాస్త ఓపిక కావాలి.

కిటికీ సీటు కొనుక్కున్నా పక్కన గోడే వచ్చిందని చాలామంది వాపోతారు. అది ఎవరి నిర్లక్ష్యమూ కాదు, రెండు కొలతల మధ్య పేచీ. ఏ320 శరీరాన్ని నిలబెట్టే లోహపు చట్రాలు 21 అంగుళాలకు ఒకటి చొప్పున ఉంటాయి. కిటికీ రెండు చట్రాల మధ్యనే పడాలి గనక కిటికీల దూరం కూడా 21 అంగుళాలే. అది విమానం కట్టినవాళ్లు పెట్టిన కొలత, ఎప్పటికీ మారదు. సీట్ల దూరం విమానం నడిపేవాళ్లు పెట్టుకునే కొలత, 28 కావచ్చు, 30 కావచ్చు. 28 అనుకోండి. మూడు వరసలు కలిస్తే 84 అంగుళాలు, నాలుగు కిటికీలు కలిసినా 84 అంగుళాలే. అంటే ప్రతి మూడో వరసకు కిటికీ మళ్లీ మొదటి స్థానానికి వస్తుంది. మధ్య రెండు వరసల్లో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తప్పుతుంది. ఒక ప్రయాణంలో మీ కిటికీ చక్కగా కుదిరితే, అదే కంపెనీ అదే రకం విమానంలో ఆ వరస నంబరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

వెడల్పు సంగతి వేరు. ఏ320 క్యాబిన్ లోపలి వెడల్పు సుమారు 3.70 మీటర్లు, బోయింగ్ 737 క్యాబిన్‌ది సుమారు 3.54 మీటర్లు. తేడా ఆరేడు అంగుళాలే అయినా వరసకు ఆరుగురు కూర్చుంటారు గనక మనిషికి ఇంచుమించు ఒక అంగుళం. ఏ320లో రెండు చేతి ఆనుల మధ్య 18 అంగుళాలు వస్తే 737లో 17 వస్తుంది. 2013లో ఎయిర్‌బస్ కంపెనీ లండన్‌లోని ఒక నిద్ర పరిశోధన కేంద్రంతో పరీక్ష చేయించి, 17 అంగుళాల సీటుకన్నా 18 అంగుళాల సీటులో నిద్ర నాణ్యత 53 శాతం మెరుగ్గా ఉందని ప్రకటించింది. వెడల్పు సీటు అమ్ముకునే కంపెనీ చేయించిన పరీక్ష గనక ఆ శాతాన్ని నేను అక్షరాలా పట్టుకోను. భుజాలు వెడల్పుగా ఉన్న ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నవాళ్లకు ఆ అంగుళం విలువ చెప్పడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. టిక్కెట్టు కొనేటప్పుడు బయలుదేరే వేళ చూసినట్టే విమానం రకం కూడా చూడాలి. చిన్న అక్షరాలతోనైనా అది రాసి ఉంటుంది.

ఇక సీటులోకి వద్దాం.

మూడు సీట్ల వరసను నిలబెట్టేవి రెండు జతల కాళ్లు. వాటి మీద అడ్డంగా ముందొకటి, వెనకొకటి రెండు గొట్టాలు. ముగ్గురు మనుషుల బరువు, వాళ్ల వెనక బల్లల మీద మోచేతులు ఆన్చిన మరో ముగ్గురి బరువు, పైన పెట్టెలు సర్దుకోవడానికి సీటు వీపు పట్టుకుని వేలాడేవాళ్ల బరువు, అన్నీ ఆ రెండు గొట్టాల మీదుగా నాలుగు కాళ్లలోకి, అక్కణ్నుంచి నేలలోని పట్టాల్లోకి దిగాలి. కొత్త తరహా సీట్లలో గొట్టాల మధ్య రేకుకు బదులు గట్టి బట్ట బిగిస్తారు. మన తాతల పడక కుర్చీ సూత్రమే ఇది. బట్ట ఒంటి బరువుకు తగ్గట్టు కొద్దిగా దిగి, పిరుదుల కింద ఒత్తిడిని పంచుతుంది. అందువల్ల పైన మెత్త పలచగా ఉన్నా సరిపోతుంది. మెత్త కూడా అంతటా ఒకే గట్టిదనంతో ఉండదు. కూర్చునే ఎముకల కింద ఒక రకం, తొడలు ఆనే అంచు దగ్గర మరో రకం పెడతారు. ఆ అంచు గట్టిగా ఉంటే తొడల్లో రక్తప్రసరణ ఆగి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. మరీ మెత్తనైతే మనిషి ముందుకు జారిపోతాడు.

వీపు భాగం చూడండి. పాత సీట్లలో పత్రికల సంచి మోకాళ్లకు ఎదురుగా ఉండేది. దాంట్లో రెండు పత్రికలు, ఒక నీళ్ల సీసా పెడితే మోకాళ్లకు రెండంగుళాలు పోయేవి. జర్మనీలోని రెకారో కంపెనీ సుమారు 2010 నాటికి లుఫ్తాన్సా కోసం తయారు చేసిన సీట్లలో ఆ సంచిని భోజనం బల్లకు పైకి, తల వెనక్కి చేర్చారు. మోకాళ్లు ఆనే చోట వీపును పలచగా లోపలికి చెక్కారు. పిచ్ ఒక్క అంగుళం పెరగకుండానే మోకాళ్లకు చోటు దొరికింది. సంచి ఎక్కడుండాలో మళ్లీ మొదటినుంచి ఆలోచించిన మనిషి నా దృష్టిలో పెద్ద హస్తకళాకారుడు. ఇవాళ చెన్నైలో ఎక్కే విమానాల్లో చాలావాటిలో సంచి పైనే కనిపిస్తుంది. 28 అంగుళాల సీటు కొన్నిచోట్ల పాత 30 అంగుళాల సీటంత వీలుగా ఉండటానికి కారణం ఇదే.

బరువు మీద చూపే పట్టుదల మరీ ఆశ్చర్యం. సీటు ఒక్కొక్కటి ఒక్క కిలో తగ్గితే విమానం మొత్తం మీద దాదాపు రెండు వందల కిలోలు తగ్గుతుంది. ప్రతి ప్రయాణంలో, ఇరవై ఏళ్లపాటు. అందుకే కొన్ని కంపెనీలు వీపు వాల్చే యంత్రాన్నే తీసేసి, వీపును ముందే కొద్దిగా వాల్చి స్థిరంగా బిగిస్తాయి. ఫ్రాన్స్‌లోని ఎక్స్‌ప్లిసీట్ అనే చిన్న కంపెనీ టైటానియంతో మనిషికి 4 కిలోలు తూగే సీటు చేసి 2014లో యూరప్ విమాన భద్రతా సంస్థ అనుమతి పొందింది. మామూలు సీట్లు మనిషికి పది కిలోల అటూ ఇటూ తూగుతాయి.

నాలుగు కిలోలైనా పది కిలోలైనా, అవి ఎదుర్కొనే పరీక్ష ఒకటే. సీటు మీద గౌరవం పుట్టేది ఇక్కడ. 1988లో అమెరికా విమాన నియంత్రణ సంస్థ కొత్త రకం విమానాల సీట్లకు ఒక పరీక్ష పెట్టింది. సీట్ల వరసను పరుగు బండి మీద బిగించి, 77 కిలోల బొమ్మలను కూర్చోబెట్టి, బెల్టులు పెట్టి, ఒక్క కుదుపు ఇస్తారు. సెకనులో పదో వంతు కూడా గడవకముందే కుదుపు భూమ్యాకర్షణకు 16 రెట్లకు చేరుతుంది. ఆ క్షణంలో ప్రతి బొమ్మా పన్నెండు వందల కిలోలు తూగుతున్నట్టు సీటును ముందుకు లాగుతుంది. అదీ నేల సరిగ్గా ఉన్నప్పుడు కాదు. ప్రమాదంలో నేల మెలితిరుగుతుంది గనక పరీక్షకు ముందే ఒక పట్టాను 10 డిగ్రీలు నిలువుగా వంచి, రెండోదాన్ని 10 డిగ్రీలు పక్కకు మెలిపెడతారు. అంత వంకరలోనూ కాళ్లు పట్టాను వదలకూడదు. మరో పరీక్షలో కిందికి 14 రెట్ల కుదుపు ఇచ్చి వెన్నెముక మీద పడే భారం కొలుస్తారు. ముందు సీటు వీపుకు తల గుద్దుకున్నప్పుడు పుర్రెకు తగిలే దెబ్బను లెక్కగడతారు, అది 1000 అనే హద్దు దాటకూడదు. అందుకే వీపు రాయిలా నిలబడదు, తగినంత లొంగుతుంది. కాళ్లు కొన్ని చోట్ల కావాలనే వంగి దెబ్బను మింగుతాయి. 2009 అక్టోబరు 27 తర్వాత తయారై అమెరికా విమాన కంపెనీలు నడిపే ప్రయాణికుల జెట్లన్నిటికీ ఈ 16 రెట్ల సీట్లు తప్పనిసరి అయ్యాయి.

నిప్పు పరీక్ష వెనక ఒక విషాదం ఉంది. 1983 జూన్ 2న ఎయిర్ కెనడా విమానమొకటి లోపల మంటలతో సిన్సినాటిలో దిగింది. 46 మందిలో 23 మంది చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే సీటు మెత్తలకు కొత్త నియమం వచ్చింది. దాన్ని నెగ్గడానికి సాధారణంగా మెత్తకూ పైబట్టకూ మధ్య నిప్పును ఆపే పలచని పొర పెడతారు. కిరసనాయిలు మంటను రెండు నిమిషాలు నేరుగా పట్టినా సీటు బరువులో పదో వంతుకు మించి కాలకూడదు. విమానంలో మనం కూర్చునే మెత్తల్లో చాలావాటిలో ఆ పొర ఉంటుంది, కంటికి కనబడదు. దట్టమైన పొగలో మనుషులు తలుపు దాకా చేరడానికి కావలసిన కొన్ని సెకన్లను అది కొనిపెడుతుంది.

మదరాసు, అంటే నేటి చెన్నై, విమానాల కథలో కొత్తగా వచ్చిన నగరం కాదు. 1910 మార్చిలో ఇక్కడ హోటల్ నడిపే కోర్సికా ద్వీపవాసి డి ఏంజెలిస్ ఒక విమానం ఎగరేసి చూపించాడు. డిజైను ఆయనదే, కట్టింది మౌంట్ రోడ్డులోని సింప్సన్ కంపెనీ. 1840లో గుర్రబ్బళ్లు చేయడంతో మొదలైన కంపెనీ అది. తొలి ప్రయోగాలు చేసింది పల్లావరంలో, అంటే ఇప్పటి విమానాశ్రయానికి కూతవేటు దూరంలో. బండి మీద మనిషిని కుదురుగా కూర్చోబెట్టడం ఎలాగో తరాలుగా తెలిసిన చేతులు ఈ నగరంలో విమానానికీ పని చేశాయన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. 1932 అక్టోబరులో టాటాల తొలి తపాలా విమానం బొంబాయి నుంచి బళ్లారి మీదుగా మదరాసు వచ్చినప్పుడు నడిపింది నెవిల్ విన్సెంట్. వచ్చినవి ఉత్తరాల సంచులు.

తోలు విషయంలోనూ ఈ ఊరికి చెప్పుకోదగ్గ పేరుంది. అడయారులో 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోళ్లు దేశదేశాలకు వెళ్తాయి. విమాన సీట్ల మీద తోలు పరిచేది దర్జా కోసమే అనుకుంటాం గానీ, ఒలికిన కాఫీని తడిగుడ్డతో తుడిచేసి అరగంటలో మళ్లీ ప్రయాణికులను ఎక్కించడానికి అది బట్టకన్నా వీలు. తోలు కోతల్లో మిగిలిన ముక్కలను నారలుగా విడదీసి, నీటి ధారల ఒత్తిడితో మళ్లీ బట్టలా అల్లే పద్ధతి కూడా ఇప్పుడుంది. ఆ తోలు తేలిక, బరువు లెక్కలో అదీ కలిసొస్తుంది.

సీటు ఎలా కట్టారో తెలిస్తే ఎంపిక ఎలా చేయాలో దానంతటదే తెలుస్తుంది. మొదటి వరసలో కాళ్లకు చోటు ఎక్కువ ఎందుకు? ఎదురుగా లొంగే వీపు లేదు, గట్టి గోడ ఉంది. కుదుపులో తల గోడకు తగలకూడదు గనక గోడ దూరంగా ఉండాలి. కానీ అక్కడ భోజనం బల్ల చేతి ఆనులో దాగి ఉంటుంది. అందుచేత ఆ ఆను పైకి లేవదు, సీటు కాస్త ఇరుకు. ముందు సీటు లేదు గనక చేతిసంచి కింద పెట్టుకోవడానికీ వీలుండదు. పొడుగు కాళ్ల సన్నని మనిషికి అది మంచిది, స్థూలకాయులకు కాదు. రెక్క మీది అత్యవసర ద్వారాల దగ్గర వరసల మధ్య ఎడం ఎక్కువ, ఎందుకంటే అది జనం బయటపడే దారి. ఆ దారికి ముందున్న వరస వీపు వాలదు, వాలితే దారి మూసుకుపోతుంది. అలాంటి ద్వారాలు రెండు జతలున్న విమానాల్లో రెండింటిలో వెనకది ఎంచుకోండి. చాలా విమానాల్లో దాని వీపు వాలుతుంది, ముందు ఎడమూ ఉంటుంది. పిల్లలకూ గర్భిణులకూ సాయం అవసరమైన పెద్దలకూ అక్కడ చోటివ్వరు. తలుపు తీయవలసిన బాధ్యత అక్కడ కూర్చున్నవారిది, ఆ సూచనల కాగితం నిజంగా చదవాలి.

కుదుపులు పడనివాళ్లు రెక్క దగ్గరే కూర్చోవాలి. విమానం బరువు కేంద్రం ఆ చుట్టుపక్కలే ఉంటుంది, తోక ఎక్కువ ఊగుతుంది. మోత పడనివాళ్లు జెట్ విమానంలో ఇంజన్లకు ముందు వరసల్లో కూర్చోవాలి. చెన్నై నుంచి రాజమండ్రి, కడప లాంటి చోట్లకు ఎక్కువగా తిరిగే ఏటీఆర్ 72 పంకా విమానాల్లో ఈ లెక్క తలకిందులవుతుంది. ప్రయాణికులు వెనక తలుపు నుంచి ఎక్కుతారు, సామాను ముందు భాగంలో ఉంటుంది, పంకాలు ముందు వరసలకు సమీపంలో తిరుగుతాయి. వెనక వరసల్లో మోత తక్కువ, దిగడం త్వరగా అవుతుంది. వరసకు నాలుగే సీట్లు గనక మధ్య సీటు బెడదే లేదు. రెక్క తల మీద ఉంటుంది, కింద నేల అంతా కనబడుతుంది. చాలామంది ఈ విమానం పేరు వినగానే ముఖం చిట్లిస్తారు. కోస్తా జిల్లాల మీదుగా పగటిపూట వెళ్లడానికి దీనికి మించిన కిటికీ లేదని నా నమ్మకం.

చెన్నై నుంచి విశాఖ వెళ్తూ తీరరేఖ చూడాలంటే ఎడమ కిటికీ, పొద్దున్నే ఎండ పడకుండా ఉండాలన్నా ఎడమే. కృష్ణా, గోదావరి డెల్టాలు ఆ వైపే ఉంటాయి. సాయంత్రం మాత్రం ఎండ ఆ వైపుకే తిరుగుతుంది. తిరిగి చెన్నైలో దిగేటప్పుడు విమానం సముద్రం మీదుగా వస్తే కుడివైపు మెరీనా, ఆ తర్వాత పరంగిమల కనిపిస్తాయి. ఎడమవైపు అడయారు, గిండీ అడవి పచ్చదనం. గాలి తిరిగి పడమటి వైపు నుంచి దిగితే ఈ దృశ్యం ఉండదు.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు టిక్కెట్టు తీసేవాళ్లకు ఒక్క మాట. వాళ్లకు నడవ పక్క సీటు తీయండి. నడవ వైపు చేతి ఆను స్థిరమైనదిలా కనబడుతుంది గానీ, చాలా విమానాల్లో దాని అడుగున, వెనక కీలు దగ్గర వేలికి తగిలే చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే ఆను పైకి లేస్తుంది. అప్పుడు ఒళ్లంతా మెలితిప్పకుండా పక్కకు తిరిగి కూర్చోవచ్చు, లేవచ్చు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు అది. విమానం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సిబ్బందిని అడిగితే చేసి చూపిస్తారు. విమానం గాల్లోకి లేచేటప్పుడు, నేలకు దిగేటప్పుడు మాత్రం ఆనును మళ్లీ కిందికి దించాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలను ఒకే బుకింగులో ఉన్న తల్లిదండ్రుల్లో ఒకరి పక్కనైనా కూర్చోబెట్టాలని మన విమానయాన నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ హక్కు కోసం అదనపు డబ్బు కట్టే ముందు అడగండి.

విమాన కంపెనీలకు కూడా ఒక విన్నపం. సీట్ల పటంలో ఏ సీటుకు ఎంత ధరో అంత పెద్ద అక్షరాలతో వేస్తున్నారు. ఆ పక్కనే సీటు పిచ్ ఎన్ని అంగుళాలో, వెడల్పు ఎంతో, వీపు వాలుతుందో లేదో, కిటికీ ఎదురుగా పడుతుందో లేదో వేయండి. ఈ కొలతలన్నీ మీ దగ్గర అంగుళం తేడా లేకుండా ఉన్నాయి.